అరవై ఏడున్నరా, ఎనభయ్యా?

శ్రోతలందరికీ నమస్కారం. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము ఇంట్లోనే కడుక్కోవాలని ముచ్చటపడే కుర్రవాళ్లు, అమ్మాయిలు ఈమధ్య నా దగ్గరికి తరచు వస్తున్నారు. అందరిదీ ఒకటే మాట: "మాస్టారూ, ఒక మంచి పుస్తకం చెప్పండి, కొనుక్కుంటాం." పేరు చెప్పడం ఎంతసేపు? కానీ మంచి పుస్తకాన్ని పట్టుకోవడం తెలిస్తే, రేపు పాత పుస్తకాల అంగడి ముందు నిలబడ్డప్పుడు కూడా పనికొస్తుంది. అందుకని ఈ పూట ఆ ఒక్క సంగతే మాట్లాడతాను.

ఏ పుస్తకం చేతికొచ్చినా నేను ముందు తెరిచేది ఫార్ములాల పేజీ. అందులో వెతికేది డీ-72. కొడాక్ వారి ఫార్ములా, ప్రింట్లు కడిగే డెవలపరు, అంటే కాగితం మీద బొమ్మను తేల్చే మందు. లీటరుకి మెటాల్ 3 గ్రాములు, సోడియం సల్ఫైట్ 45, హైడ్రోక్వినోన్ 12, పొటాషియం బ్రోమైడ్ 2. ఇక మిగిలింది సోడియం కార్బొనేట్, అంటే మన బట్టల సోడా. నా కళ్లు ఆ సోడా దగ్గరే ఆగుతాయి.

ఎందుకో చెబుతాను. నేను పని నేర్చుకునే రోజుల్లో మా స్టూడియోలో రెండు ఇంగ్లీషు పుస్తకాలుండేవి. ఒకదాంట్లో సోడా 67.5 గ్రాములు. రెండోదాంట్లో 80. ఏదో ఒకటి అచ్చుతప్పనుకున్నాను. ఎక్కువ వేస్తే పోయేదేముందిలే అని 80 తూచాను. మా డబ్బాలో ఉన్నది పలుకుల సోడా. గాజుముక్కల్లా ఉండేది. ఎండాకాలం మూత సరిగ్గా బిగించకపోతే ఆ పలుకుల మీద తెల్లటి పొడి కట్టేది. ఆ పలుకులే 80 గ్రాములు వేసి కలిపాను.

ఎర్ర బల్బు కింద కాగితాన్ని ట్రేలోకి జార్చాను. అది పెళ్లి ఫోటో. మామూలుగా పదిహేను, ఇరవై సెకన్లకే ముందు జుట్టు, తరవాత కనుబొమలు తేలతాయి. ఆ రోజు ట్రే ఊపుతూనే ఉన్నాను, కాగితం తెల్లగానే ఉంది. నిమిషం దాటాక నీడలాగా ఏదో కనిపించింది. మూడు నిమిషాలు ఉంచినా పెళ్లికూతురి జడ బూడిదరంగు దాటలేదు. ఎక్స్‌పోజరు, అంటే కాగితం మీద వెలుతురు పడే సమయం, తక్కువైందేమోనని పెంచాను. మళ్లీ పెంచాను. ఆరు కాగితాలు పాడయ్యాయి. తప్పు వెలుతురులో లేదు, త్రాసులోనూ లేదు.

నిజానికి రెండు పుస్తకాల్లో అంకెలూ సరైనవే. 67.5 అన్నది నీరు బొత్తిగా లేని సోడాకి, దాన్ని ఎన్‌హైడ్రస్ అంటారు. 80 అన్నది కాస్త నీరు పట్టిన సోడాకి, అది మోనోహైడ్రేట్. మా డబ్బాలో ఉన్నది ఈ రెండూ కాదు. ఆ పలుకుల బరువులో నూటికి 63 పాళ్లు నీరే. 80 గ్రాములు తూస్తే అందులో అసలు సోడా 30 గ్రాములు కూడా లేదు! ఎండుమిరపకాయలు పావుకిలో అని రాసినచోట పచ్చిమిరపకాయలు పావుకిలో తూచినట్టయింది నా పని. ఏ రకం సోడానో ఆ రెండు పుస్తకాల్లో ఒక్కటీ చెప్పలేదు.

కాబట్టి అంకె పక్కన ఏ రకమో రాసి ఉందా? అది చూడండి. సల్ఫైట్‌కి కూడా అంతే, నీరు లేనిది 100 గ్రాములు కావలసినచోట పలుకులది 200 కావాలి. రకం రాసిన పుస్తకాన్ని నమ్మవచ్చు. రాయని పుస్తకంలో వంద ఫార్ములాలున్నా నేనైతే కొనను.

రకంతోపాటు వరస కూడా చెప్పాలి. సల్ఫైట్ బాగా ఉన్న నీళ్లలో మెటాల్ కరగదు, రవ్వలాగా అడుగున కూర్చుంటుంది. అందుకే ముందు మెటాల్, తరవాత సల్ఫైట్. మంచి పుస్తకం ఈ కారణాన్ని కూడా చెబుతుంది. కారణం తెలిసినవాడు వరస మరిచిపోడు.

పాత పుస్తకమైతే ఏ దేశానిదో కూడా చూసుకోండి. నీళ్లు కొలిచే పింటు అమెరికాలో 473 మిల్లీలీటర్లు, ఇంగ్లండులో 568. ఇక ఫిల్ము కడిగే సమయాలు ఎక్కువగా 20 డిగ్రీల నీళ్లకి రాసి ఉంటాయి. మే నెలలో మన కుళాయి నీళ్ల సంగతి మీకు తెలుసు. వేడిని బట్టి సమయం మార్చుకునే పట్టిక ఉన్న పుస్తకమే మన ఊళ్లకి అక్కరకొస్తుంది.

పేర్లు కూడా అడుగుతారు కనుక చెబుతాను. నెగటివ్ ఎలా ఉండాలో కన్ను తెరిపించేది ఆన్సెల్ ఆడమ్స్ రాసిన 'ది నెగటివ్'. ఫిల్ము డెవలపర్ల కోసమైతే స్టీవ్ ఆంచెల్, బిల్ ట్రూప్ కలిసి 1998లో తెచ్చిన 'ది ఫిల్మ్ డెవలపింగ్ కుక్‌బుక్'. రసాయనశాస్త్రం లోతుగా కావాలంటే గ్రాంట్ హైస్ట్ 1979 నాటి రెండు సంపుటాలున్నాయి, కాని మొదటి పుస్తకంగా అవి వద్దు. ముందు ఒక్కటి కొనండి. దాన్ని ట్రే పక్కన పెట్టుకుని వాడండి, బొమ్మను చెరగకుండా నిలిపే హైపో మందు మరకలు పడనివ్వండి.

ఆ 80 ఉన్న పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అట్ట ఊడిపోయింది. డీ-72 పేజీ అంచున నేను ఆనాడు పెన్సిలుతో రాసుకున్న మాట మాత్రం చెరగలేదు: "పలుకులైతే 182."