పరాసుపేట నుంచి మార్సేయ్ దాకా

(బందరులో పింఛనుదారుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఇంత ఎండలో వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవాలని నాకూ ఉంది. కానీ పోయిన నెల మాట్లాడినాయన పేర్లకే పన్నెండు నిమిషాలు తీసుకున్నారు. అసలు విషయం మొదలయ్యేసరికి ఉప్మా వచ్చేసింది, జనం లేచిపోయారు. అందుకని ఈ ఒక్క నమస్కారంతో సరిపెడుతున్నాను. ఎవరికైనా కోపం వస్తే టీ దగ్గర తిట్టుకోండి.

కార్యదర్శిగారు నాకిచ్చిన విషయం "దక్షిణ ఫ్రాన్సులోని మార్సేయ్ నగరం: చూడదగ్గవి, చేయదగ్గవి". టైము ముప్పై నిమిషాలు. మా అమ్మాయి అక్కడ ఉద్యోగం చేస్తోంది, పోయిన వేసవిలో నేను వెళ్లి రెండు నెలలు ఉండొచ్చాను. మన సభ్యుల్లో ముగ్గురి పిల్లలు ఆ దేశంలోనే ఉన్నారు, వీళ్లూ రేపో మాపో విమానం ఎక్కేవాళ్లే. పనికొచ్చే మాటలే చెబుతానని కార్యదర్శిగారికి మాటిచ్చాను. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పిన మనిషిని, సిలబస్ దాటనని ఆయన నమ్మకం. ఆయన ఎప్పుడూ నా క్లాసులో కూర్చోలేదు పాపం.

సరే, రైలు దిగుదాం. సాన్ షార్ల్ స్టేషన్ గుట్ట మీద ఉంటుంది. బయటికి రాగానే ఊరంతా కాళ్ల కింద పరిచినట్టు కనబడుతుంది. కిందికి దిగడానికి 104 మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కంగారు పడకండి, లోపలి నుంచే మెట్రో ఉంది. కానీ మెట్ల దారిలో రెండు రాతి బొమ్మలున్నాయి, అవి చూడాలి. ఒకటి "ఆసియా వలస రాజ్యాలు", రెండోది "ఆఫ్రికా వలస రాజ్యాలు". ఇద్దరు ఆడవాళ్లు ఒరిగి పడుకుని ఉంటారు. ఆ మెట్లు 1927లో ప్రారంభించారు. అప్పటికి మన పక్కనున్న యానాం ఫ్రెంచివాళ్ల చేతిలోనే ఉంది, 1954 దాకా ఉంది. అంటే ఆ పడుకున్నావిడలో మన యానాం వాటా కూడా కొంత ఉందన్నమాట. నేను ఆవిడ పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాను. మా అమ్మాయి "అమ్మా, ఆవిడలా నువ్వు మాత్రం పడుకోకు" అంది.

మెట్లు దిగి తిన్నగా పావుగంట నడిస్తే పాత రేవు. క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో గ్రీకు వర్తకులు ఓడలు కట్టేసిన చోటు అదే. ఊరు అక్కడే పుట్టింది, ఇప్పటికీ అక్కడే కూర్చుని కబుర్లు చెప్పుకుంటోంది. పొద్దున్నే వెళితే గట్టు మీద చేపలమ్ముతుంటారు. గిలకలదిండి రేవుతో పోలిస్తే మార్కెట్టే కాదు, నాలుగు బల్లలు, అంతే. కానీ చేప ఇంకా ఎగురుతుంటుంది, అమ్మే ఆవిడ గొంతు కూడా మన వాళ్ల గొంతే, భాష ఒక్కటే వేరు. పక్కనే 2013లో కట్టిన, అద్దంలా మెరిసే పెద్ద ఉక్కు పందిరి ఉంది. కిందికెళ్లి తలెత్తితే మీరు తలకిందులుగా కనిపిస్తారు. మనవళ్లుంటే అక్కణ్నుంచి కదలరు.

రేవు నుంచి 60వ నంబరు బస్సెక్కితే కొండ మీద గుడి దగ్గర దించుతుంది. నోత్ర్ దామ్ ద లా గార్ద్, మేరీమాత చర్చి. ఊరివాళ్లు ఆ పేరు పలకరు, "బొన్ మేర్" అంటారు, మంచి అమ్మ అని. మనం అమ్మవారు అన్నట్టే. శిఖరం మీద పదకొండు మీటర్ల బంగారు పూత విగ్రహం. లోపల పైకప్పు నుంచి చిన్న చిన్న ఓడ బొమ్మలు దారాలకు వేలాడుతుంటాయి. తుఫానులో బతికి బయటపడ్డ నావికులు తీర్చుకున్న మొక్కులవి. 1977 ఉప్పెన చూసిన ఊరివాళ్లం, ఆ ఓడలు ఎందుకు కట్టారో మనకెవరూ చెప్పక్కర్లేదు. ఒక హెచ్చరిక: అక్కడ మిస్త్రాల్ అని ఉత్తరపు గాలి ఒకటుంది. ఆ గాలి వీచే రోజు చీర కట్టుకుని కొండెక్కకండి. పైట కోసం నేను పడ్డ పాట్లు ఎవరో జపాను వాళ్లు వీడియో తీశారు.

ఆ గాలికే పడవలు కూడా ఆపేస్తారు. లేకపోతే రేవులో పడవెక్కి ఇఫ్ ద్వీపానికి వెళ్లొచ్చు. అక్కడ పదహారో శతాబ్దపు కోట ఉంది, తర్వాత జైలుగా వాడారు. అందరూ ఒక నవలలోని ఖైదీ కోసం వెళతారు. నేను మాత్రం ఖడ్గమృగం కోసం వెళ్లాను. నవ్వకండి. గుజరాత్ సుల్తాను పోర్చుగీసు వాళ్లకిచ్చిన ఖడ్గమృగాన్ని వాళ్ల రాజు రోములో పోప్‌కు కానుకగా పంపాడు. 1516లో ఆ ఓడ దారిలో మార్సేయ్ ముందున్న దీవుల దగ్గర ఆగింది. ఫ్రాన్సు రాజు స్వయంగా వచ్చి చూశాడు. తర్వాత ఇటలీ తీరంలో ఓడ మునిగి, పాపం గొలుసులతో కట్టేసి ఉన్న ఆ జంతువు మునిగిపోయింది. మన దేశం నుంచి ఆ ఊరికి ఏమేం వెళ్లాయో అని నాకు మొదటిసారి అనిపించింది ఆ కోట గోడ మీద కూర్చున్నప్పుడే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆర్కిటెక్ట్ ల కార్బూజియే కట్టిన పెద్ద అపార్ట్‌మెంటు ఒకటుంది, 337 ఇళ్లు, మేడ మీద పిల్లలకు నీళ్ల తొట్టి. చండీగఢ్‌లో ఆయన కట్టిన కట్టడాలకూ దానికీ 2016లో ఒకే జాబితాలో యునెస్కో గుర్తింపు వచ్చింది. కలాంక్ అని సున్నపురాతి కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన ఇరుకు పాయలున్నాయి, నడవగలిగితే వెళ్లండి, నీళ్లు మోసుకెళ్లండి. మార్సేయ్ సబ్బు కొంటే 72 శాతం నూనె అని ముద్ర చూసి కొనండి. తిండి సంగతికొస్తే, బూయాబెస్ అని చేపల పులుసు ఒకటి, మంచి హోటల్లో ముందే చెప్పాలి, ఖరీదు మాత్రం నేను చెప్పను, మీరు వినకండి. దానికన్నా లెస్తాక్ అనే పేటకెళ్లి పానీస్ తినండి. శనగపిండిని ఉడికించి, గట్టిపడ్డాక బిళ్లలుగా కోసి, నూనెలో వేయిస్తారు. సముద్రం గట్టున, కాగితం పొట్లంలో. మా ఆయన ఒకటి తిని, "ఉల్లిపాయ, పచ్చిమిర్చి వెయ్యడం మర్చిపోయారు" అని, ఇంకో పొట్లం తెమ్మన్నారు.

ఇక్కడిదాకా సిలబస్సే. ఇక బట్ట సంగతి. కార్యదర్శిగారూ, గడియారం చూడకండి.

పాత రేవు వెనక ఎత్తు మీద ల పానియే అనే పాత పేట ఉంది. ఇరుకు సందులు, ఎండకు పాలిపోయిన కిటికీలు, ఆరేసిన బట్టలు. ఆ సందులో ఒక కొట్టు ముందు టేబుల్ మీద పరిచే గుడ్డలు వేలాడదీశారు. పసుపు నేల, ఎర్ర పువ్వు, అంచున తీగె. నేను ఆగిపోయాను. ఆ తీగె నాకు తెలుసు. కొట్టాయన ఇంగ్లీషులో "మా ప్రాంతపు సంప్రదాయం మేడమ్, మూడు వందల ఏళ్ల నాటిది" అన్నాడు. నేను గుడ్డ తిరగేశాను. వెనక తెల్లగా ఉంది, రంగు దిగలేదు. అంచు వెంట వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. ఎక్కడా అతుకు లేదు.

అతుకంటే మన పెడన వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకు చెబుతాను. మా నాన్నగారు పెడనలో అద్దకం పని చేసేవారు. బల్ల మీద గోనె పరిచి, దాని మీద కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డ. పక్కన రంగు తొట్టి. టేకు అచ్చు రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో రెండు దెబ్బలు. మళ్లీ పక్కనే ఇంకో అచ్చు. ఆ రెండూ కలిసే చోట ఎంత పనివాడికైనా వెంట్రుకవాసి తేడా వస్తుంది. అక్కడ గీత కొంచెం లావవుతుంది, లేదా సన్నగా చీలుతుంది. నాన్న దాన్నే అతుకనేవారు. "అతుకు కనపడకూడదురా, కానీ ఉండాలి" అనేవారు. అది లేదంటే మనిషి చెయ్యి పడలేదనే. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నల్లరంగు వాసన నాలుగు ఉతుకుల దాకా పోదు. ఆ కొట్టులో గుడ్డకు అట్టపెట్టె వాసన వచ్చింది.

కొట్టాయన మీద నాకు కోపం లేదు. ఆయన చెప్పిందాంట్లో సగం నిజం కూడా. ఆ బట్టకు వాళ్ల భాషలో పేరేమిటో తెలుసా? ఇండియెన్. ఇండియావి అని. మన కోరమాండల్ తీరపు అద్దకం బట్ట పదిహేడో శతాబ్దంలో యూరపును ఊపేసింది. ఉతికినా రంగు పోని నూలు బట్ట వాళ్లెప్పుడూ చూడలేదు. పర్షియా, టర్కీల మీదుగా మార్సేయ్ వర్తకుల చేతికొచ్చేది. 1648 నాటికే ఆ ఊళ్లో పేకముక్కలు అచ్చేసేవాళ్లు అవే చెక్క అచ్చుల పద్ధతిలో నకళ్లు మొదలుపెట్టారు. రంగు నిలవలేదు. తర్వాత తూర్పు నుంచి వచ్చిన ఆర్మేనియన్లు పటిక కిటుకు నేర్పారు. 1669లో ఫ్రెంచి కంపెనీ గోల్కొండ సుల్తాను ఫర్మానా పట్టుకుని ఎక్కడ కొట్టు తెరిచిందనుకున్నారు? ఇదే బందరులో. ఇక్కణ్నుంచి ఆటోలో పది నిమిషాల్లో వెళ్లే పరాసుపేట ఎవరి పేట? పరాసులంటే ఫ్రెంచివాళ్లే కదమ్మా! రోజూ ఆ పేట పేరు చెప్పి ఆటో ఎక్కుతాం, ఎందుకా పేరొచ్చిందో ఒక్క పిల్లాడికి తెలియదు. ముప్పై రెండేళ్లలో నేను కూడా చెప్పలేదు, అది పరీక్షకు రాదు కాబట్టి.

ఆ బట్ట దెబ్బకు వాళ్ల పట్టు, ఉన్ని పనివాళ్లు గగ్గోలు పెడితే 1686లో ఫ్రాన్సు రాజు నిషేధం పెట్టాడు. తేవడం, అచ్చెయ్యడం రెండూ నేరమే. ఆ తర్వాత కట్టుకోవడం కూడా. అయినా ఆడవాళ్లు మానలేదు. డెబ్బై మూడేళ్లు దొంగచాటుగా కట్టుకున్నారు, 1759లో నిషేధం ఎత్తేశారు. ఈ మధ్యలోనే 1720లో సిరియా తీరం నుంచి బట్టల మూటలతో వచ్చిన ఓడ ఆ ఊరికి ప్లేగు తెచ్చింది. సరుకు సంతకు అందాలని తొందరపడి క్వారంటైన్ సరిగ్గా పాటించలేదు, ఊళ్లో దాదాపు సగం మంది పోయారు. బట్ట కోసం ఇంత పిచ్చా అని మీరనొచ్చు. పెళ్లి షాపింగుకు విజయవాడ వెళ్లొచ్చిన వాళ్లెవరూ అనరు.

ఇవన్నీ నాకు చెప్పింది ఆ ఊరు కాదు. రైల్లో గంట పైన ప్రయాణం చేస్తే తరాస్కోన్ అని చిన్న ఊరు, మన పెడన కన్నా చిన్నది. అక్కడ బట్టల మ్యూజియం ఒకటుంది. మా అమ్మాయి నా గొడవ పడలేక తీసుకెళ్లింది. లోపల గోడల నిండా, నేల నుంచి కప్పు దాకా, చెక్క అచ్చులు. నలభై వేల దాకా ఉన్నాయట. ఒక్కోదాని వెనక చేతులు పట్టి పట్టి నున్నబడ్డ పిడి. నేను అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. మా అమ్మాయి షుగర్ డౌనయిందనుకుని బ్యాగులో బిస్కెట్లు వెతికింది.

ఇంక ఇది చెప్పాలి. ఇది చెప్పడానికే ఈ నెల నేను మాట్లాడతానని కార్యదర్శిగారి వెంటపడ్డాను. 1998లో నాన్న పోయాక పెడన ఇల్లు అమ్మాం. అటక మీద రెండు గోతాల అచ్చులున్నాయి. పురుగు పట్టినవి కొన్ని, నిక్షేపంగా ఉన్నవి చాలా. అన్నయ్య "నువ్వే చూడు" అన్నాడు. నేను స్కూలుకు టైమవుతోందని, గుమ్మంలోకి వచ్చిన పాత సామాన్లవాడికి తొమ్మిది వందలకు ఇచ్చేశాను. బేరం బాగా కుదిరిందని సంతోషపడ్డాను కూడా. పిల్లలకు వారసత్వ సంపద అనే పాఠం చెప్పి సాయంత్రం ఇంటికొచ్చిన మనిషిని నేను.

తరాస్కోన్ వాళ్లు తెలివైనవాళ్లు కాదు, అచ్చులు పారెయ్యలేదు, అంతే. మన దగ్గర పెడనలో ఇప్పటికీ అద్దకం నడుస్తోంది. వాళ్ల దగ్గర మ్యూజియం ఉంది, మన దగ్గర పని ఉంది. కానీ పాత అచ్చులు ఎక్కడున్నాయి? మీ అటకల మీద, నీళ్ల పొయ్యి పక్కన కట్టెల్లో, హైదరాబాదు హోటళ్ల గోడల మీద షోకు వస్తువులుగా. ఈ హాల్లో కనీసం ఆరు ఇళ్లవాళ్లు అద్దకం కుటుంబాలవాళ్లున్నారు, నాకు తెలుసు, తల దించుకోకండి. ఈ ఆదివారం అటక ఎక్కండి, మీరు కాదు, మనవణ్ని ఎక్కించండి. ఏది దొరికినా మన సంఘం బీరువాలో పెడదాం. పై అర ఖాళీగానే ఉంది, పాత రసీదు పుస్తకాలు తప్ప ఏమీ లేవు. అధ్యక్షులవారు ఔనన్నట్టు తలూపారు, మినిట్స్‌లో రాయండి.

రెండు గోతాల్లోంచి నాకు మిగిలింది ఇదొక్కటి. సామాన్లవాడు ఎత్తుకునేటప్పుడు గోతం చిరుగులోంచి జారి పడింది. చాలా ఏళ్లు తలుపుకు అడ్డం పెట్టుకున్నాం. అంచు తీగె, మార్సేయ్ కొట్టులో నేను చూసిన తీగె లాంటిదే. ముందు వరస నుంచి ఒకరి చేతి నుంచి ఒకరికి అందించండి. తిరగేసి పిడి పక్కన చూడండి, నున్నగా చిన్న గుంట తగులుతుంది, నాన్న బొటనవేలు ఉండే చోటు. అది తిరిగేలోపు ప్రశ్నలుంటే అడగండి.

వీసాకా? పిల్లలు ఆహ్వాన పత్రం పంపాలి, అక్కడి మునిసిపాలిటీలో తీసుకుంటారు, నెల ముందే మొదలుపెట్టమనండి. చలికోటు? వేసవిలో అక్కర్లేదు, రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురే. పచ్చళ్లా? నేను ఆవకాయ తీసుకెళ్లాను, ఎవరూ అడగలేదు, మూత మాత్రం టేపుతో గట్టిగా చుట్టండి.

అచ్చు మూడో వరసలో ఆగిపోయినట్టుంది. అన్నయ్యగారూ, చూసింది చాలు, వెనక్కివ్వండి.