నల్లకోటు తీసేయాలా?

యాంకర్: లైన్లో కరీంనగర్ జిల్లా నుంచి ఒక లాయరమ్మ ఉన్నారు. చెప్పండమ్మా, టీవీ సౌండ్ కాస్త తగ్గించండి.

కాలర్: తగ్గించాను. నమస్తే సార్. పద్నాలుగేళ్లుగా జిల్లా కోర్టులో ప్రాక్టీస్ చేస్తున్నా. గవర్నర్ కోటా ఎమ్మెల్సీకి నా పేరు పంపిస్తామంటున్నారు. ఎమ్మెల్సీ అయితే సనద్, అదే లాయర్ లైసెన్స్, వాపస్ ఇవ్వాలంట, నిజమేనా? ఇంట్లో అప్పుడే టెన్షన్ మొదలైంది.

సీనియర్ అడ్వకేట్: అక్కర్లేదమ్మా. 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది. జీతం మీద ఫుల్‌టైమ్ ఉద్యోగం చేస్తూ ప్రాక్టీస్ చేయకూడదంటుంది బార్ కౌన్సిల్ రూల్ 49. చట్టసభ సభ్యులకు జీతం వస్తున్నా ఆ రూల్ చెప్పే ఉద్యోగులు కారని. మంత్రి పదవి ఇస్తామంటే మాత్రం మళ్లీ ఫోన్ చేయండి.

కాలర్: (నవ్వుతూ) అంత దూరం లేదు సార్.

సీనియర్: అసలు చిక్కు వేరే. రాజ్యాంగంలో ఆర్టికల్ 171(5) తీయండి. గవర్నర్ ఏ రంగాల వాళ్లను నామినేట్ చేయాలో అందులో ఉంది. సాహిత్యం, సైన్స్, కళలు, సహకారోద్యమం, సమాజ సేవ. వకాలత్ అందులో లేదు.

కాలర్: మరి 1952లో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారిని రాజ్యసభకు నామినేట్ చేశారు కదా?

సీనియర్: బాగా పట్టుకున్నారు. నెల్లూరు జిల్లా పూడూరులో పూజారి ఇంట పుట్టి, మద్రాసు అడ్వకేట్ జనరల్ అయి, రాజ్యాంగ ముసాయిదా కమిటీలో కూర్చున్న మనిషి. అంతటి ఆయన వెళ్లిన ఆర్టికల్ 80లోనూ లాయర్లకు విడిగా గడి లేదు. 1999లో సుప్రీంకోర్టు లాయర్ ఫాలీ నారీమన్ గారిని నామినేట్ చేసిన నాటికీ లేదు. వాళ్లకు పేరే సరిపోయింది. మనకు కాగితాలు కావాలి. ఫైల్లో ఏం పెట్టారు?

కాలర్: సన్మానాల ఫోటోలు సార్, శాలువాలతో...

సీనియర్: తీసేయండి. ఫీజు తీసుకోకుండా నడిపిన కేసులున్నాయా?

కాలర్: బీడీ కార్మికుల పీఎఫ్ కేసులున్నాయి. చేత్తో రాసుకున్న రిజిస్టర్ ఉంది, అట్ట ఊడిపోయింది.

సీనియర్: అట్ట పోతే పోయింది. కేసు నంబర్లతో సహా జిరాక్స్ తీయించి మొదటి పేజీల్లో పెట్టండి. మీ నామినేషన్ మీద ఎవరైనా కోర్టుకెక్కితే చూపించడానికి పనికొచ్చేది అదే. పార్టీ సభ్యత్వం ఉందా?

కాలర్: ఇంకా తీసుకోలేదు.

సీనియర్: అలాగైతే ఇది గుర్తుంచుకోండి. సభలో కూర్చున్న ఆరు నెలల్లోపు పార్టీలో చేరొచ్చు. ఆ గడువు దాటాక చేరితే సీటు పోతుంది. ఇంకోటి, తెలంగాణ మండలిలో మొత్తం 40 మందిలో గవర్నర్ కోటా ఆరే. ఉన్న క్లయింట్లను ఇప్పుడే జూనియర్లకు పంచేయకండి. రేపు కోర్టుందా?

కాలర్: రెండు క్రాస్ ఎగ్జామినేషన్లు ఉన్నాయి సార్.

సీనియర్: మరి ఫోన్ పెట్టేసి ఫైళ్లు చూసుకోండి.