ఇంత ఖరీదైన కారుకి ఇదేనా రంగు?

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న పని చేద్దాం. ఇందాక లోపలికి వస్తూ మీరు పార్కింగ్‌లో చూసిన కార్లని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. తెలుపు, నలుపు, బూడిద, వెండి, మళ్ళీ తెలుపు. మధ్యలో ఎక్కడో ఒక ముదురు నీలం, అదీ ఎండ పడితేనే నీలమని తెలుస్తుంది, నీడలో నలుపే. మామూలు కార్లయితే సరేలే అనుకోవచ్చు. నేను మాట్లాడేది లగ్జరీ కార్ల గురించి. కొనేవాడి దగ్గర డబ్బుంది, మోజుంది, షోరూంలో కుర్చీ వేసి మర్యాద చేసి కూర్చోబెడతారు, తీరా రంగుల పేజీ తెరిస్తే ఏడో ఎనిమిదో ముక్కలు, వాటిలో సగానికి పైగా బూడిదకి అన్నదమ్ములే.

ఇది నా చాదస్తం అనుకోకండి. అమెరికాలో ఐసీకార్స్ అనే సంస్థ లెక్క తీసింది. 2004లో అక్కడి కార్లలో ఈ నాలుగు రంగులవి దాదాపు 60 శాతం. 2023కి వచ్చేసరికి 80 శాతం. అంటే ఇరవై ఏళ్ళలో, పెయింట్ టెక్నాలజీ ఎన్నడూ లేనంత బాగుపడిన కాలంలో, రంగు వాటా సగానికి పడిపోయింది.

హెన్రీ ఫోర్డ్ మాట మీరంతా వినే ఉంటారు, నలుపు అయితే చాలు, ఏ రంగైనా తీసుకోవచ్చు అని. తమాషా ఏంటంటే 1908లో మోడల్ టీ వచ్చినప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, బూడిద ఉన్నాయి. 1914 నుంచి నలుపొక్కటే మిగిలింది, ఎందుకంటే అది చవక, గట్టిగా నిలుస్తుంది, లైను ఆగకుండా నడుస్తుంది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను. తర్వాత డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీ వాళ్ళ డ్యూకో అనే లాకర్ పెయింటు వచ్చింది. అంతకు ముందు రంగు కారుకి పూతలు ఆరడానికి వారాలు పట్టేది, ఇది గంటల్లో ఆరేది. జనరల్ మోటార్స్ వాళ్ళ 1924 మోడల్ ఓక్లాండ్ కార్లు నీలం రంగులో దిగాయి, 1927లో ఆ కంపెనీ ఏకంగా ఆర్ట్ అండ్ కలర్ సెక్షన్ అని ఒక విభాగమే పెట్టి హార్లీ అర్ల్ అనే డిజైనర్‌కి అప్పజెప్పింది. ఆ ఏడాదే మోడల్ టీ ఆగిపోయింది. ఆగడానికి కారణాలు చాలా ఉన్నాయి గానీ, రంగు వాటిలో ఒకటి కాదని ఎవరూ అనలేరు.

ఇక డబ్బున్నవాళ్ళ కథ వేరు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రోల్స్ రాయిస్ అమ్మింది చాసీ, అంటే కారు అడుగు చట్రం, ఇంజను మాత్రమే. బాడీ కోసం హూపర్, బార్కర్, పార్క్ వార్డ్ లాంటి కోచ్‌బిల్డర్ల దగ్గరికి, అంటే అడిగినట్టు బాడీ కట్టిచ్చేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి, దర్జీ దగ్గరికి వెళ్ళినట్టు. తలుపు ఎంత ఎత్తుండాలి, సీటు గుడ్డ ఏది, చెక్క ఏది, రంగు ఏది, అన్నీ మాట్లాడుకునేవాళ్ళు. తర్వాత బాడీలూ ఫ్యాక్టరీలోనే తయారవడం మొదలైంది, 1965లో సిల్వర్ షాడో వచ్చేసరికి చాసీ, బాడీ ఒకటే ముక్క అయిపోయాయి, కోచ్‌బిల్డర్‌కి పెద్దగా పని మిగల్లేదు. అయినా రంగు మాత్రం ఇంకా కొన్నేళ్ళు బతికింది. 1970ల మెర్సిడెస్‌లు పాత ఫొటోల్లో చూడండి, బయట ఆవపిండి పసుపు, లోపల సీట్లు నీలం, ఆకుపచ్చ. సీటు ఒక్కటే కాదు, కార్పెట్టు, తలుపు లోపలి వైపు, అన్నీ ఆ రంగుకి జతగా. ఇప్పుడు లోపల నలుపు, గోధుమ, లేత బూడిద. అదీ ఏ ప్యాకేజీ కొంటే ఏ సీటు వస్తుందో కంపెనీ వాళ్ళే ముందే ముడిపెట్టి ఉంచుతారు. సీటు రంగు కావాలంటే మీకక్కర్లేని స్పీకర్లు కూడా కొనాలి!

ఎందుకిలా? పెయింట్ షాపులో నిలబడితే సగం అర్థమవుతుంది. ఫ్యాక్టరీలో మామూలుగా వాడే ఒక్కో రంగుకి ఒక్కో పైపు లైను ఉంటుంది, రంగు అడుగుకి పేరుకోకుండా ఆ పైపులో ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి. రోబో ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మారాలంటే గొట్టంలో మిగిలింది పారబోసి, సాల్వెంట్‌తో కడగాలి. ఆ పెయింటు నష్టం, ఆ టైము నష్టం. పైగా బంపరు ప్లాస్టిక్, బానెట్ ఒక్కోసారి అల్యూమినియం, తలుపు స్టీలు, మూడింటి మీదా ఒకే రంగు ఒకేలా కనపడాలి, ఎండకి ఒకేలా వెలవాలి. ఇప్పుడు బంపరు వెనక రాడార్ ఒకటి కూర్చుంది, మెటాలిక్ పెయింటులోని అల్యూమినియం రేకులు దానికి అడ్డం, అది కూడా పరీక్షించాలి. నెలకి పదిమంది అడిగే చిలకపచ్చ కోసం ఇంత తతంగం ఎవరు పెట్టుకుంటారు? 2018 సెప్టెంబర్‌లో ఎలాన్ మస్క్ టెస్లా 7 రంగుల్లో 2 మెనూ నుంచి తీసేస్తున్నామని చెప్పినప్పుడు చూపిన కారణం కూడా ఇదే, తయారీ తేలిక చేసుకోవడం. ఫోర్డ్ మాట గుర్తుందా!

యూరప్‌లో 2017లో డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్త ఉద్గారాల పరీక్ష వచ్చింది. చక్రం సైజు మారినా, సన్‌రూఫ్ పెట్టినా ఆ కారుకి విడిగా కార్బన్ లెక్క కట్టాలి, దాంతో కంపెనీలు ఆప్షన్ల జాబితాలకే కత్తెర వేశాయి. రంగుకి దీంతో సంబంధం లేదు, కానీ నచ్చినట్టు కట్టించుకునే అలవాటు అక్కడ ఇంకాస్త తగ్గింది.

అయితే తప్పంతా కంపెనీలదే అంటే అన్యాయం. మనం ఏం చేస్తున్నాం? మూడేళ్ళ లీజు, తర్వాత తిరిగి ఇచ్చేయడం. సొంతంగా కొన్నా మొదటి రోజే రీసేల్ టెన్షన్. ఎప్పుడో మూడేళ్ళ తర్వాత కొనబోయే, మొహం కూడా తెలియని మనిషికి నచ్చాలని ఇవాళ మన డబ్బుతో మనం రంగు ఎంచుకుంటున్నాం. డీలరు స్టాకు తెప్పించేదీ అదే భయంతో. పోనీ ఆ భయానికి అర్థముందా అంటే, అదే ఐసీకార్స్ 2025లో చూసింది, మూడేళ్ళలో సగటు కారు విలువ 31 శాతం పడితే పసుపు కార్లు 24 శాతమే పడ్డాయి, తెలుపు సగటు కంటే కాస్త ఎక్కువే పడింది. దొరకని సరుక్కి గిరాకీ ఎక్కువ, అంతే. అందరూ పసుపు కొంటే ఈ లెక్క తిరగబడుతుందనుకోండి, అది వేరే విషయం.

రంగు పూర్తిగా పోయిందా అంటే పోలేదు, మేడ ఎక్కింది. రోల్స్ రాయిస్ దగ్గర 44,000 రంగులున్నాయట, అవీ చాలకపోతే మీ కోసం కొత్తది కలుపుతారు. పోర్షేలో పెయింట్ టు శాంపుల్ అని, అదనంగా డబ్బు కడితే మామూలు జాబితాలో లేని నూటికి పైగా రంగులు. ఫెరారీకి టైలర్ మేడ్, లాంబోర్గినీకి అడ్ పెర్సోనామ్, పేర్లు వేరు గానీ పని ఇలాంటిదే. ఒకప్పుడు మంచి కారు కొంటే దాంతోపాటే వచ్చే ఎంపికని విడదీసి, దానికి వేరే పేరు పెట్టి, వేరే బిల్లు వేస్తున్నారు. నాకు కోపం తెప్పించేది ఇది. మధ్య మెట్టు మీద ఉన్నవాడికి, అంటే చాలామంది లగ్జరీ కొనుగోలుదార్లకి, మిగిలింది బూడిద, దానికి ఓ అందమైన పేరు. ఆడి నార్డో గ్రే చూశారా? నా కంటికి అది రంగు వేయక ముందు కొట్టే ప్రైమర్ లాగే ఉంటుంది.

లోపల మాత్రం దీపాలు! 2016 మెర్సిడెస్ ఈ క్లాస్‌లో లైటింగ్‌కి 64 రంగులు. రాత్రి పూట లోపల కూర్చున్న మీకు తప్ప ఎవరికీ కనపడవు. 2022లో బీఎండబ్ల్యూ బటన్ నొక్కితే రంగు మారే కారు చూపించింది, ఐఎక్స్ ఫ్లో అని, ఈ-బుక్ రీడర్లలో ఉండే ఈ-ఇంక్‌తో. మారి ఏమైందంటే తెలుపు నుంచి బూడిద మీదుగా నలుపు. నేను పగలబడి నవ్వాను. మరుసటి ఏడాది 32 రంగులతో ఇంకోటి తెచ్చారు, అదీ ప్రదర్శనకే. ఫియట్ ఒక్కటే 2023లో ఇక బూడిద కార్లు చేసేది లేదని చెప్పి, తమ బాస్ లోపల ఉండగానే కారుని నారింజ రంగు తొట్టెలో ముంచింది. స్టంటే, కాదనను. కానీ ఆ పని చేసింది లగ్జరీ కంపెనీ కాదు, చిన్న కార్లు చేసేవాళ్ళు.

చివర్లో ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు, మీ కారు ఏ రంగండీ అని. ఆకుపచ్చ కావాలని వెళ్ళాను. ఆర్డర్ పెడితే ఆరేడు నెలలు, బూడిదయితే ఎల్లుండే ఇస్తాం, పైగా అమ్మేటప్పుడు ఇబ్బంది ఉండదు సార్ అన్నాడు సేల్స్ కుర్రాడు. తలూపేశాను. అయిదేళ్ళయింది, ఆ బూడిద కారు ఇంకా అమ్మలేదు, అమ్మే ఉద్దేశం కూడా లేదు. ఇవాళ బయట దాన్ని ఎక్కడ పెట్టానో వెతుక్కోవడానికి తాళం బటన్ నొక్కుకుంటూ తిరగాలి.