‘దాకా’, ‘లోగా’ తెలిసినవారికి ‘అంటిల్’, ‘బై’ దగ్గర తడబాటు ఎందుకు?

సభకు నమస్కారం.

తిరుపతి గాంధీ రోడ్డులో ఒక దుకాణం ముందు ‘ఫిక్స్‌డ్ ప్రైజ్’ అని రాసిన అట్టముక్క చాలాకాలం వేలాడింది. బేరం లేదని దుకాణదారు ఉద్దేశం. ప్రైస్ అంటే ధర, ప్రైజ్ అంటే బహుమతి కాబట్టి, ఆ అట్ట చెబుతున్నది మాత్రం బహుమతి ఎవరికో ముందే ఖాయమైపోయిందని. ఇలాంటివి చెవి వల్ల, స్పెల్లింగు వల్ల జరిగే పొరపాట్లు. నాలుగుసార్లు రాసుకుంటే పోతాయి. నేను ఈరోజు మాట్లాడదలచినది అర్థం తెలిసి కూడా తడబడే మాటల గురించి.

చేబదులు అనేది మనకు ఒకటే మాట. ఇచ్చేవారికీ అదే, పుచ్చుకునేవారికీ అదే; తేడా సంగతి పక్కనున్న క్రియ చూసుకుంటుంది. ఇంగ్లీషులో ఇవ్వడం లెండ్, తీసుకోవడం బారో. ఉద్యోగంలో చేరిన కొత్తలో బ్యాంకు కౌంటరు దగ్గర ఒక పెద్దాయనను ‘మీ పెన్ను బారో చేస్తారా’ అని దర్జాగా ఇంగ్లీషులో అడిగాను. ఆయన పెన్ను నా చేతిలో పెట్టి, ‘బారో చేసేది నువ్వు నాయనా, నేను చేసేది లెండ్’ అన్నారు. ఇంగ్లీషు ఎం.ఏ. పట్టా అప్పుడు నా సంచిలోనే ఉంది.

‘సందేహం’ ఇంకొంచెం లోతైనది. పాఠం అర్థంకాక అడిగేదీ మనకు సందేహమే, చెప్పినవారి మాట నమ్మలేకపోవడమూ సందేహమే. అందుకే తరగతిలో లేచి ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటాము. మన దేశంలో అది చెల్లుతుంది, తప్పనను. కానీ బ్రిటన్‌లోనో అమెరికాలోనో చదవబోయే విద్యార్థి అక్కడి ఆచార్యుడితో ‘మీ ఉపన్యాసం మీద నాకు డౌట్ ఉంది’ అంటే, మీరు చెప్పినది నాకు నమ్మశక్యంగా లేదన్న ధ్వని వస్తుంది. అక్కడ క్వశ్చన్ అంటే సరిపోతుంది.

పొరుగున కడపలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ 1852లో అచ్చయిన తన తెలుగు నిఘంటువులో ఒక్కొక్క తెలుగు మాటకు ఎదురుగా నాలుగైదు ఇంగ్లీషు మాటలు పేర్చడానికి కారణం ఇదే. మన గైడు పుస్తకాలు మాటకు మాట ఒకటే ఇచ్చి చేతులు దులుపుకుంటాయి.

అయితే తెలుగు మనల్ని తికమకపెట్టడమే కాదు, చాలాచోట్ల దారి కూడా చూపిస్తుంది. ఆ సంగతి మనం గమనించము. కొండమీద అద్దెగది తీసుకున్నారనుకోండి. ‘ఎనిమిది గంటల దాకా ఉండవచ్చు, ఎనిమిదింటిలోగా ఖాళీ చేయాలి’ అని చెబితే, బడి మొహం చూడని అవ్వ కూడా ఆ రెండు మాటలనూ తారుమారు చేయదు. దాకా అంటే అంటిల్, లోగా అంటే బై. ఉండడం ఎనిమిది వరకూ సాగే పని, ఖాళీ చేయడం ఆలోపు ఒక్కసారి ముగిసే పని. ఇంత తెలిసినవారమే పరీక్ష ఫీజు పదో తేదీలోగా కట్టాలని ఇంగ్లీషులో రాసేటప్పుడు ‘బై’ బదులు ‘అంటిల్ టెన్త్ కట్టేయాలి’ అని రాస్తాము.

‘సిన్స్ త్రీ ఇయర్స్’ అనే పొరపాటూ అంతే. ‘మూడేళ్ల నుంచి’, ‘2022 నుంచి’ అని రెండుచోట్లా నుంచి వాడతాము గనుక ఇంగ్లీషులోనూ రెండుచోట్లా సిన్స్ వేస్తాము. కానీ ‘మూడేళ్లుగా’ అనగలం, ‘2022గా’ అనలేము. ‘గా’ ఒదిగిన చోట ఫర్, ఒదగని చోట సిన్స్. నాకు తెలిసి ఇంతకన్నా సులువైన పరీక్ష ఏ వ్యాకరణ పుస్తకంలోనూ లేదు.

బస్సు ఛార్జీలు పెరిగాయి అంటే రైజ్, ఛార్జీలు పెంచారు అంటే రెయిజ్. బిడ్డ పడుకోవడం లై, బిడ్డను పడుకోబెట్టడం లే. ఇక్కడిదాకా తెలుగు తోడు వస్తుంది. నిన్న తానే పడుకున్నది అనాలంటే మాత్రం ఆ లై భూతకాలంలో మళ్లీ ‘లే’ అవుతుంది, పడుకోబెట్టింది అనడానికి ‘లెయిడ్’ అవుతుంది. ఈ ఒక్కచోట తెలుగు అక్కరకు రాదు. మూడు రూపాలూ బట్టీ పట్టవలసిందే, నేనూ అలాగే పట్టాను.