తాతల నాటి కీ వాచీ నడవట్లేదా? మూత తీసే ముందు ఇవి చూడండి

నమస్కారం. పెద్దవాళ్ల నుంచి వచ్చిన కీ వాచీ ఆగిపోతే చాలామంది ముందు చేసే పని వెనక మూత ఊడదీయడం. ఆ పని తర్వాత. రోగం సగం వేళ్లకీ చెవికీ ఇట్టే దొరికిపోతుంది.

ముందు డయల్ చూద్దాం. అద్దం లోపల ఆవిరి పట్టి ఉంటే కీ ముట్టుకోకండి, తుప్పు పట్టకముందే విప్పి ఆరబెట్టించాలి. అంకెల మీద, ముళ్ల మీద గోధుమరంగుకి తిరిగిన పూత ఉంటే అది రేడియం అనే రేడియోధార్మిక పదార్థం కావచ్చు. 1960లకు ముందు వాచీల్లో మామూలే. చీకట్లో వెలగట్లేదు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. అరిగిపోయింది వెలుగిచ్చే పదార్థమే. రేడియం సగానికి తగ్గడానికి 1600 ఏళ్లు పడుతుంది. అలాంటి వాచీ అద్దం ఇంట్లో తీయకండి, ఆ పూత గీకకండి.

ఇప్పుడు కీ. రెండు వేళ్లతో నెమ్మదిగా ముందుకి తిప్పండి, చుట్లు లెక్కపెట్టండి. చాలా వాచీలు 20 నుంచి 40 చుట్ల మధ్య బిగుసుకుంటాయి. అక్కడ ఆపేయాలి. ఎంత తిప్పినా వదులుగానే తిరుగుతోందా? వాచీని నడిపే మెయిన్ స్ప్రింగ్ తెగి ఉండొచ్చు. వేలు వదలగానే కీ గిర్రున వెనక్కి తిరిగిందా? స్ప్రింగును పట్టి ఉంచే క్లిక్ అనే చిన్న కొక్కెం పోయినట్టు. ఒక్క మినహాయింపు, ఆటోమేటిక్ వాచీలో స్ప్రింగు నిండాక జారిపోయేలా చేస్తారు, కాబట్టి అది బిగుసుకోకపోవడం లోపం కాదు.

కీ బిగుసుకుంది, వాచీ మాత్రం కదల్లేదు. "కీ ఎక్కువైపోయి ఆగిపోయింది" అంటారే, అది అపోహ. స్ప్రింగులో బలం నిండుగా ఉంది, కాకపోతే అది చక్రాల మీదుగా, అటూ ఇటూ ఊగుతూ టైం కొలిచే బ్యాలెన్స్ వీల్ దాకా చేరట్లేదు. ఏళ్ల తరబడి పడుంటే నూనె ఎండి జిగురైపోతుంది. వాచీని చదునుగా పట్టుకుని, మణికట్టుతో మెల్లగా అటూ ఇటూ తిప్పి చూడండి. కాసేపు నడిచి ఆగితే ఎక్కువగా ఈ జిగురే కారణం. మందు సర్వీసింగ్ ఒక్కటే: పూర్తిగా విప్పి, కడిగి, కొత్త నూనె. దయచేసి స్ప్రే నూనెలు కొట్టకండి. అవి బ్యాలెన్స్ వీల్ మీదుండే సన్నటి హెయిర్ స్ప్రింగ్ చుట్లను ఒకదానికొకటి అంటించేస్తాయి.

నడుస్తున్న వాచీని చెవి దగ్గర పెట్టండి. పాత వాచీలు ఎక్కువగా గంటకు 18,000 టిక్కులు కొడతాయి, అంటే సెకనుకు 5. శబ్దం సమంగా కాకుండా కుంటుతున్నట్టు వినిపిస్తే బీట్ తప్పింది, అంటే బ్యాలెన్స్ వీల్ రెండు వైపులా సమంగా ఊగట్లేదు. ఉన్నట్టుండి రోజుకి చాలా నిమిషాలు ముందుకి పరిగెడుతోందా? హెయిర్ స్ప్రింగ్‌కి అయస్కాంతత్వం అంటి, చుట్లు అతుక్కుని ఉండొచ్చు. చుట్లు అతుక్కుంటే స్ప్రింగు పొడవు తగ్గినట్టే, అందుకే ఆ తొందర. అయస్కాంతత్వం తీసేసే డీమాగ్నెటైజర్‌తో క్షణాల్లో వదులుతుంది, ఇంతకంటే చవక రిపేరు ఉండదు.

సెకన్ల ముల్లు చక్కగా తిరుగుతూ, నిమిషాల ముల్లు వెనకబడుతోందా? టైం మార్చేటప్పుడు కీ మరీ తేలిగ్గా తిరుగుతోందేమో కూడా చూడండి. రెండూ ఉంటే నిమిషాల ముల్లుని తిప్పే కానన్ పినియన్ అనే చిన్న గొట్టం వదులైంది.

ఎక్కడ ఆగుతోందో కూడా గమనించండి. ప్రతిసారీ ముళ్లు ఒకదాని మీదకి ఒకటి వచ్చినప్పుడే ఆగితే అవి తగులుకుంటున్నట్టే. డయల్ పైకి ఉంటే నడిచి, బోర్లిస్తే ఆగితే బ్యాలెన్స్ ఇరుసు మొన అరిగిందో, వంగిందో అనుమానించాలి.

చివరిగా, నిండా కీ ఇచ్చి డయల్ పైకి పెట్టి వదలండి. బాగున్న వాచీ 30 గంటలు దాటి నడవాలి. కీ ఎన్ని చుట్లు పట్టింది, ఎన్ని గంటలు నడిచింది, ఎలా పెడితే ఆగింది, ఇవి ఒక చీటీ మీద రాసి వాచీతో పాటు మెకానిక్ చేతికివ్వండి.