47వ ఎపిసోడ్: టీబీయా, క్యాన్సరా? (సగం అడ్డచుట్టే)

సుధ: నమస్కారం. పోయినవారం పెసరట్టు గొడవ తర్వాత కూడా వింటున్నారంటే మీ ఓపికకి దండం. ఈరోజు ఊపిరితిత్తుల క్యాన్సర్‌ని టీబీ అనుకుని మందులు వాడించే సంగతి. ముందే చెబుతున్నా, ఎక్స్‌రే ఫిల్ములు పారేయకండి.

కిరణ్: మొదలైంది. రెండు నిమిషాలు కూడా కాలేదక్కా.

సుధ: సరే, నువ్వు చెప్పు. ఎందుకొస్తుంది?

కిరణ్: పొగ. 1950లోనే ఇంగ్లండులో డాల్, హిల్ అనే ఇద్దరు లెక్కలు తీసి చూపించారు. మా నాయనమ్మ లెక్క మాత్రం వేరు. భీమిలిలో రోజుకి నాలుగు అడ్డచుట్టలు. నిప్పు వైపు నోట్లో పెట్టుకునే చేపలమ్మేది. 86 ఏళ్లు బతికింది.

సుధ: ప్రతి ఇంట్లో ఇలాంటి నాయనమ్మ ఒకరుంటారు! తాగి పోయినవాళ్లు వచ్చి మైకు ముందు కూర్చోరు కదరా.

కిరణ్: తాగమనట్లేదే! అలా పెట్టుకుంటే సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు, నుసి గంపలో పడదు. అందులో తెలివి ఉందంటున్నా.

సుధ: ఆ తెలివికి కాలేది అంగిలి. విశాఖ, శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్ గురించి డాక్టర్లు ఎప్పటినుంచో రాస్తున్నారు.

కిరణ్: అంగిలి అన్నావు. ఊపిరితిత్తులు అనలేదు.

సుధ: లాయరువా?

కిరణ్: పాయింటు పాయింటే. పొగే కారణమైతే, చుట్ట ముట్టని మీ పిన్నికి ఎందుకొచ్చింది?

సుధ: ముప్ఫై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదింది. దానివల్లేనని నేను చెప్పలేను. కానీ అదీ పొగే కదా! బయటి గాలి కాలుష్యం కూడా క్యాన్సర్ తెస్తుందని 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లే తేల్చారు. ఆస్‌బెస్టాస్ సంగతి సరేసరి.





కిరణ్: మామయ్యగారిది చెబుతానన్నావు.

సుధ: ఆ... దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం. ఎక్స్‌రేలో ఎడమవైపు నీడ. గళ్ల రెండుసార్లు పరీక్ష చేశారు, క్రిమి కనపడలేదు. అయినా మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి మాత్రలు మొదలెట్టారు. ఆరు నెలల కోర్సు. మూత్రం ఎర్రగా వచ్చేది. అది ఆ మాత్రల రంగే. ఆయన మాత్రం మందు పనిచేస్తోందని సంబరపడేవారు. ఐదో నెలలో గొంతు బొంగురుపోయింది. అప్పుడు సీటీ, గొట్టం వేసి ముక్క తీయడం. అప్పటికే ఎముకల్లోకి పాకింది.

కిరణ్: ...

సుధ: బీరువాలో క్యాలెండర్లతో పాటు చుట్టి పెట్టిన పాత ఫిల్ము దొరికింది. కిటికీకి ఆనించి చూశాను. అదే చోట, రూపాయి బిళ్లంత. కొత్తదాంట్లో నిమ్మకాయంత. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు.

కిరణ్: అందుకా ఫిల్ముల గోల!

సుధ: అందుకే. మధ్యలో తీయించిన రెండోది ఎక్కడుందో ఇప్పటికీ తెలీదు.

కిరణ్: మరి వినేవాళ్లకి ఏం చెబుదాం?

సుధ: రెండు వారాలు దాటిన దగ్గుకి గళ్ల పరీక్ష చేయించుకోండి. మాత్రలు మీ అంతట మీరు మానకండి, నిజంగా టీబీ అయితే అదో ప్రమాదం. రెండు నెలలు వాడినా బరువు పెరక్కపోతే, నీడ తగ్గకపోతే, ముక్క పరీక్ష గురించి అడగండి. క్యాన్సర్ అవునో కాదో ఎక్స్‌రే ఒక్కటే చెప్పలేదు. టీబీ గడ్డని క్యాన్సర్ అనుకుని భయపెట్టడమూ జరుగుతుంది.

కిరణ్: ఇంత ముఖ్యమైనది చివర్లోనా?

సుధ: టైమంతా మీ నాయనమ్మ తినేసింది. ఇంతకీ ఆవిడ అంగిలి ఎప్పుడైనా ఎవరైనా చూశారా?

కిరణ్: ఆవిడ నోరు తెరిస్తే మేం పారిపోయేవాళ్లం అక్కా. అయితే ఆఖర్లో కారం అసలు...

సుధ: కారం తినేది కాదా?

కిరణ్: పెరుగన్నమే తినేది. ఆగు, అమ్మకి ఫోన్ చేస్తా.