ఫోన్ ఉంటే రోమియో చనిపోయేవాడా?

యాంకర్: పాత విషాద నాటకాన్ని ఇవాళ్టి కథగా సినిమా తీయాలంటే అన్నిటికన్నా పెద్ద తలనొప్పి ఏంటి మేడమ్?

రచయిత్రి: సెల్‌ఫోన్! (నవ్వు) నిజమేనండీ. రోమియో ఎందుకు చనిపోయాడు? జూలియెట్ బతికే ఉందన్న ఉత్తరం చేరక. ఇప్పుడైతే ఒక్క మెసేజ్‌తో కథ కంచికి.

యాంకర్: 1996లో హాలీవుడ్ దర్శకుడు బజ్ లూర్‌మన్ ఇదే కథని అప్పటి కాలానికి మార్చి సినిమా తీసినప్పుడు ఆ గొడవ రాలేదు కదా.

రచయిత్రి: అప్పటికింకా అందరి చేతుల్లో ఫోన్లు లేవు, బతికిపోయాడు. ఉత్తరాన్ని కొరియర్‌లో పంపించాడు, అది రోమియోకి అందదు. తుపాకుల మీద ‘స్వోర్డ్’ అని బ్రాండు పేరు చెక్కించాడు. దాంతో కత్తి అనే మాటున్న డైలాగులు అలాగే ఉంచేశాడు. తెలివైన పనే, కానీ నా లెక్కలో అది వేషం మార్చడం వరకే.

యాంకర్: మరి లోపలి మార్పంటే?

రచయిత్రి: విశాల్ భరద్వాజ్ హిందీ సినిమా ‘మక్బూల్’ చూడండి, 2003. షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ నాటకాన్ని ముంబయి మాఫియా కథ చేశాడు. నాటకంలో మాక్‌బెత్‌కి నువ్వు రాజువవుతావని మంత్రగత్తెలు జోస్యం చెబుతారు, అతను రాజుని చంపేస్తాడు. ముంబయి మాఫియాలో మంత్రగత్తెలేంటి? అందుకని ఇద్దరు పోలీసుల్ని పెట్టాడు, ఓం పురి, నసీరుద్దీన్ షా. వాళ్లు జాతకం చెబుతారు, చెప్పింది జరిగేలా ఓ చెయ్యి కూడా వేస్తారు! విధి యూనిఫాం వేసుకుని జీతం తీసుకుంటోందన్నమాట. ఇంకోటి, నాటకంలో లేడీ మాక్‌బెత్ అతని భార్య. ఇక్కడ నిమ్మి డాన్ ఉంపుడుగత్తె. మక్బూల్ ఆ డాన్‌కి కుడిభుజం. ఇక డాన్‌ని చంపితే గద్దె ఒక్కటే కాదు, ఆమె కూడా దక్కుతుంది. హత్యకు కారణమే చిక్కబడింది.

యాంకర్: మూలాన్ని పాడుచేశారనే వాళ్లుంటారుగా?

రచయిత్రి: ఉండనివ్వండి. షేక్‌స్పియర్ మాత్రం రోమియో కథ సొంతంగా పుట్టించాడా? ఆర్థర్ బ్రూక్ 1562లో రాసిన కావ్యం నుంచి తీసుకున్నాడు. షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ నాటకంలో భార్య మీద భర్తకి అనుమానం పుట్టించేది ఓ రుమాలు. దాన్నే భరద్వాజ్ ‘ఓంకారా’గా తీస్తే ఆ రుమాలు వడ్డాణమైంది. ఏం పోయింది? భర్త మనసులో అనుమానం అలాగే ఉంది. అది తీసేస్తే మాత్రం సినిమానే లేదు.

యాంకర్: ఫోన్ సంగతి దాటేస్తున్నారు మేడమ్...

రచయిత్రి: (నవ్వు) సిగ్నల్ లేదని రాస్తే జనం తిడతారు. ఇప్పుడు రాస్తున్న దాంట్లో మెసేజ్ వెళ్తుంది. అతను చదువుతాడు కూడా.

యాంకర్: మరి?

రచయిత్రి: నమ్మడు. అంతకుముందు అదే నంబరు నుంచి నాలుగు అబద్ధాలు వచ్చాయి.